మందుపెట్టె పక్కన పెట్టి సినిమాకు పోయినవాళ్ళు



పోయిన నెల కార్యవర్గం మీటింగులో విద్యానిధి విషయంగా ఏం జరిగిందో మీలో చాలామందికి అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. మన కోయంబత్తూరు సంఘంలో వార్త ఫోను కంటే ముందు పరుగెత్తుతుంది. తెలియనివాళ్ళకు రెండు మాటల్లో చెప్తాం. మన నిధి రెండేళ్ళు వరుసగా నీట్ కోచింగుకు డబ్బు కట్టిన ఒక అబ్బాయి, ఇక వైద్యం చదవనని చెప్పి వీడియోలు తీసే పనిలో చేరిపోయినాడు. మొదట పెళ్ళి వీడియోలు. ఇప్పుడు అంగళ్ళకు, చిన్న చిన్న ఆస్పత్రులకు ఫోనులో చూసే ప్రకటన చిత్రాలు తీసి ఇస్తున్నాడు. మార్కెటింగు అంటారు దాన్ని. మనం కట్టింది ఏడాదికి ముప్పైవేలు, రెండేళ్ళకు అరవైవేలు.

"సంఘం సొమ్ముతో చదివి సినిమాకు పోయినాడు" అని ఒకరు లేచినారు. "ఇదంతా ఇప్పటి ఫోను జబ్బు, మన పెద్దల కాలంలో డాక్టరు చదువు వదిలి కెమెరా వెనక పోయినవాడు ఒక్కడు ఉండినాడా?" అని ఇంకొకరు అడిగినారు. అందరూ తల ఊపినారు. మేమూ ఊపినాం, అబద్ధం ఎందుకు. ముప్పై ఏడేళ్ళు రైల్వేలో గుమాస్తాగిరి చేసినవాళ్ళకు మీటింగులో మాట రాదు, ఇంటికి వచ్చి పాత ఫైలు విప్పితేనే వస్తుంది. అట్ల విప్పి చూస్తే, ఆ ప్రశ్నకు జవాబు "ఒక్కడు కాదు, చాలామంది ఉండినారు" అని తేలింది. అందుకే ఇంత పెద్ద వ్యాసం. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ఎప్పటి మాదిరే ఒక మనవి. మేము బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు నలభై దాటినాక సంఘం ఆదివారం తరగతిలో నేర్చుకున్నాం. ఒత్తులు తప్పితే దిద్దండి, తిట్టవద్దు.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పి చరిత్రలోకి పోతాం. మా నాయన మిల్లులో పని చేసినారు. ఆయనకు ఉన్న ఆశ ఒక్కటే, ఇంట్లో ఒకడు డాక్టరు కావాలని. మన జనంలో ఆ ఆశ అప్పుడూ ఉండింది, ఇప్పుడూ ఉంది. దానికి మేము అనుకునే కారణం ఒకటుంది. నాలుగైదు వందల ఏండ్లుగా ఈ నేల మీదనే ఉన్నా, ఇంటి భాష ఒకటి, వీధి భాష ఒకటి అయినవాళ్ళం మనం. వక్కీలు కావాలంటే వీధి భాష బాగా రావాలి, రాజకీయానికీ అంతే. డాక్టరుకు అది అంత అడ్డం రాదు, జ్వరానికి భాష లేదు అని మా అవ్వ అనేది. మేము బడిలో 'ఉయిరియల్' అని చదువుకొని, పి.యు.సి.కి కాలేజీలో కాలు పెట్టేసరికి అదే పాఠం ఇంగ్లీషులో బయాలజీ అయి కూర్చుంది. కప్పను కోయడం వచ్చింది, కోసినదాన్ని రాయడం రాలేదు. మార్కులు చాలలేదు. రైల్వే పరీక్ష రాసినాం, పోదనూరులో కుర్చీ దొరికింది. నాయన పదేండ్లు ఆ బాధ మోసినారు. ఇది ఎందుకు చెప్తున్నామంటే, డాక్టరు సీటు అంటే మాకు లెక్కలేదని ఎవరూ అనుకోకూడదు.

ఇక చరిత్ర.

డాక్టరు గరికపాటి రాజారావు అనే పేరు మన సంఘంలో ఎంతమంది విన్నారో. మేము మా కుర్రతనంలో వినలేదు. 1915లో రాజమండ్రిలో పుట్టినారు, వైద్యం చదివి డాక్టరు అయినారు. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో డాక్టరు చదువు రెండు రకాలు. కాలేజీ చదువు ఒకటి, మెడికల్ స్కూలులో చదివే ఎల్.ఎం.పి. అనే చిన్న చదువు ఇంకొకటి. ఎల్.ఎం.పి. అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, మన ఊళ్ళలో పాత డాక్టరు బోర్డులు చూసినవాళ్ళకు ఆ మూడక్షరాలు గుర్తుంటాయి. పల్లెల్లో, చిన్న పట్నాల్లో చేయి పట్టుకొని నాడి చూసినవాళ్ళు ఎక్కువగా వాళ్ళే. అట్లాంటి కాలంలో డాక్టరు అంటే ఊరికంతా పెద్దమనిషి. ఆ పెద్దరికం ఉండి కూడా రాజారావు గారు నాటకాల వాళ్ళతో కలిసినారు. 1943లో ఆంధ్రలో ప్రజానాట్యమండలి పుట్టినప్పుడు దాన్ని నిలబెట్టినవాళ్ళలో ముందు వరసలో ఉండినారు. బుర్రకథ, వీధి నాటకం, పాట, అన్నీ పల్లెలకు మోసుకొని పోయినారు. ఆ మండలి ఆడిన 'మాభూమి' నాటకాన్ని ప్రభుత్వం నిషేధించిందంటే అది జనంలోకి ఎంతగా దిగిందో మీరే అర్థం చేసుకోండి.

తరువాత ఆయన మద్రాసు వచ్చి సినిమా తీసినారు. పేరు 'పుట్టిల్లు', విడుదలైన ఏడు 1953. తీసిందీ ఆయనే, డైరెక్షనూ ఆయనే, అందులో వేషం కట్టిందీ ఆయనే. ఒక డాక్టరు తన చేతులారా ఇన్ని పనులు నెత్తిన పెట్టుకున్నాడు. ఆ పడం ఆయనకు డబ్బు తెచ్చిపెట్టలేదు. (పడం అంటే సినిమా, ఆంధ్ర వైపు నుంచి చదివే బంధువుల కోసం చెప్తున్నాం.) కానీ ఆ ఒక్క పడంలో మొదటిసారి తెర మీదికి వచ్చిన ఇద్దరి పేర్లు చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఒకరు జమున. రెండవవారు అల్లు రామలింగయ్య.

జమున గారి సంగతి మనబోటి సరిహద్దు జనానికి ప్రత్యేకంగా తెలియాలి. ఆమె పుట్టింది కర్ణాటకలో, హంపిలో. తండ్రిది కన్నడ కుటుంబం. పెరిగింది గుంటూరు జిల్లా దుగ్గిరాలలో. 'మాభూమి' నాటకంలో ఆమెను చూసి రాజారావు గారు 'పుట్టిల్లు'లో తీసుకున్నారు. అప్పటికి పదహారేళ్ళ పిల్ల. ఆమె తరువాత 'మిస్సమ్మ', 'గుండమ్మ కథ' ఎట్ల చేసిందో మీకు మేము చెప్పనక్కర లేదు. ఇట్ల మనుషులను పసిగట్టే చూపు ఆ డాక్టరుకు ఉండింది. సినిమాలో ఆయన సంపాదించింది ఏమిటని అడిగితే మేము ఈ ఇద్దరి పేర్లే చెప్తాం. ఆయన 1963లో పోయినారు. నలభై ఎనిమిదేండ్ల వయసు, అంతే.

అల్లు రామలింగయ్య గారు పాలకొల్లు మనిషి. నవ్వించేవాడిగా అందరికీ తెలుసు. ఆయన హోమియో వైద్యం చేసేవారని మనలో చాలామందికి తెలియదు. వెయ్యికి పైగా సినిమాలు చేస్తూ కూడా ఆ మందుపెట్టె మూయలేదు. రాజమండ్రిలో ఉన్న ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలకు ఇప్పుడు ఆయన పేరే పెట్టి ఉంది. ఆలోచించండి, సినిమాకు పోయిన మనిషి పేరు వైద్య కళాశాల తలుపు మీద ఉంది. వైద్యం 'వదిలేసినాడు' అని మనం ఎంత తేలికగా అంటామో, అది నిజంగా అంత తెగిపోయే తాడు కాదని మాకు ఇక్కడ మొదటిసారి అనిపించింది.

వీళ్ళకంటే ముందు ఇంకొకరు ఉండినారు, డాక్టరు గోవిందరాజుల సుబ్బారావు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారి 'మాలపిల్ల'లో వేసినారు. 'గుణసుందరి కథ'లో రాజు, 'షావుకారు'లో ఆ చెంగయ్య, 1955లో వచ్చిన 'కన్యాశుల్కం'లో లుబ్ధావధానులు. 'షావుకారు' చూడనివాళ్ళు ఉంటే ఈ వారమే చూడండి. రెండు ఇళ్ళ మధ్య గోడ మాదిరి లేచే పగలో, ఆ షావుకారు ముఖం మీద వచ్చే పంతం మన సంఘం మీటింగులో ఎన్నిసార్లు చూసినామో! ఇంటి ఇంటికీ పోయి రోగులను చూసినవాడికి మనుషుల ముఖాలు బాగా తెలిసి ఉంటాయి. ఆ నటనలో సగం అక్కడి నుంచే వచ్చిందని మా అనుమానం. అనుమానమే, రుజువు అడగవద్దు.

తెలంగాణ వైపు నుంచి డాక్టరు ఎం. ప్రభాకర్ రెడ్డి. తుంగతుర్తి మనిషి. ఉస్మానియాలో ఎం.బి.బి.ఎస్. ముగించినారు. ముగించిన ఆ 1960లోనే 'చివరకు మిగిలేది'లో తెర మీదికి వచ్చినారు. ఆ సినిమా కథ నడిచేది పిచ్చాసుపత్రిలో, సావిత్రి గారు నర్సుగా చేసినారు. నిజం ఆస్పత్రి విడిచి సినిమా ఆస్పత్రిలో చేరినట్టయింది ఆ డాక్టరు సంగతి! తరువాత వందల సినిమాలు, ఎక్కువగా చెడ్డవాడి వేషాలు. కథలు కూడా రాసినారు, శోభన్ బాబు 'కార్తీక దీపం' కథ ఆయనదే. హైదరాబాదులో సినిమా పనివాళ్ళ ఇళ్ళకోసం తన భూమి ఇచ్చినారు. మణికొండ దగ్గర ఆ చిత్రపురి కాలనీకి ఆయన పేరే. లైట్లు మోసేవాళ్ళు, మేకప్పు వేసేవాళ్ళు ఆ కప్పుల కింద నిద్రపోతున్నారు.

ఇప్పటి తరానికి తెలిసింది చెప్పాలంటే, మన తమిళనాడు తేని జిల్లాలో పుట్టి, ఎం.బి.బి.ఎస్. చదివి, 1984లో భారతిరాజా 'పుదుమైప్పెణ్'లో తమిళ సినిమాతోనే మొదలుపెట్టి, తెలుగులో పెద్ద నటుడైన రాజశేఖర్ గారు ఉన్నారు. 1989లో ఆయన 'అంకుశం' వచ్చింది. అది తమిళంలోకి మారి 'ఇదుదాండా పోలీస్' అయినప్పుడు మా ఆఫీసులో సగం మంది మధ్యాహ్నం ఆట చూడడానికి లీవు పెట్టినారు. లీవు పుస్తకం మా దగ్గరే ఉండింది కాబట్టి లెక్క మాకు తెలుసు. సాయిపల్లవి గారు కోయంబత్తూరు పిల్ల, జార్జియా దేశంలో వైద్యం చదివినారు. ఆమె సంగతి మీ మనవరాళ్ళను అడగండి, మాకంటే బాగా చెప్తారు.

ఇప్పుడు ఈ పేర్లన్నీ చూసి "ఆహా, అందరూ పోయినారు, మనవాడూ పోనీ" అని మేము చెప్తున్నామనుకోవద్దు. ఫైలు విప్పినవాడు రెండో పేజీ కూడా చూడాలి. పైన చెప్పిన ఎం.బి.బి.ఎస్. వాళ్ళందరూ చదువు ముగించి పోయినవాళ్ళు. అంటే ఒక సీటు నిండింది, ఆ సీటుకోసం బయట నిలబడినవాడు ఇంకొకడు ఇంటికి పోయినాడు. ప్రభుత్వ కాలేజీ అయితే ఆ చదువుకు జనం పన్ను కూడా పోయింది. ఆ లెక్కలో చూస్తే, సీటు ఎక్కకముందే దిగిపోయినవాడు ఎవరి చోటూ తినలేదు. రైలు భాషలో చెప్తే, రిజర్వేషను చార్టు వేయకముందే టికెట్టు రద్దు చేసినవాడికీ, బెర్తు ఎక్కి పడుకొని నడి రాత్రి దిగిపోయినవాడికీ తేడా ఉంది. మొదటివాడి బెర్తు వెయిటింగు లిస్టులో ఉన్నవాడికి పోతుంది. మన అబ్బాయి మొదటి రకం. మీటింగులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు.

ఇంకొక తేడా కూడా ఉంది, అది అబ్బాయికి వ్యతిరేకంగా పోతుంది. రాజారావు గారికి సినిమా చేయి ఇవ్వకపోయినా చేతిలో వైద్యం ఉండింది. అల్లు గారికి మందుపెట్టె ఉండింది. మనవాడికి పన్నెండో తరగతి సర్టిఫికెట్టు, ఒక కెమెరా, అంతే. అతని తల్లికి రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం అదే. ఆ భయం తప్పు అని మేము చెప్పలేం.

సరే, సినిమా అయితే సినిమా, ఈ "మార్కెటింగు వీడియో" ఏం పని, అంగడివాడి డప్పు కొట్టడం ఒక వృత్తా, అని కూడా ఆ రోజు ఒక పెద్దాయన అడిగినారు. దీనికి జవాబు మన కోయంబత్తూరులోనే, రైల్వే ఆఫీసులోనే ఉంది.

సామిక్కణ్ణు విన్సెంట్ అని ఒకాయన. కోయంబత్తూరు మనిషి, తెలుగువాడు కాదు, కానీ మాకు చాలా దగ్గరివాడు, ఎందుకంటే ఆయన దక్షిణ భారత రైల్వేలో తిరుచ్చి ఆఫీసులో గుమాస్తా. 1905లో ద్యుపాన్ అనే ఫ్రెంచివాడు ఒకడు సినిమా పెట్టె మోసుకొని ఊరూరూ తిరిగి ఆటలు వేస్తూ తిరుచ్చికి వచ్చి జబ్బున పడినాడు. దేశం తిరిగి పోదామని పెట్టె అమ్మకానికి పెట్టినాడు. విన్సెంటు అప్పో సప్పో చేసి ఆ యంత్రం, ఫిలిములు కొన్నాడు. రైల్వే ఉద్యోగం వదిలేసినాడు. డేరా వేసి ఊరూరూ ఆట వేసినాడు. అప్పటి రైల్వే ఉద్యోగం అంటే ఏమిటో మీకు తెలుసు కదా, పిల్లనివ్వడానికి క్యూ కట్టేవాళ్ళు! ఆ ఉద్యోగం వదిలినవాణ్ణి ఆ రోజుల్లో ఇంటివాళ్ళు ఏమన్నారో మేము ఊహించగలం. 1914లో ఆయన కోయంబత్తూరులో వెరైటీ హాల్ కట్టినాడు. ఆ కట్టడం ఇప్పుడు లేదు. వీధి పేరు మాత్రం వెరైటీ హాల్ రోడ్డు అనే ఉంది. మనం దీపావళికి బట్టలు కొనడానికి పోయేది ఆ వైపే కదా.

అదే 1914లో మద్రాసులో మచిలీపట్నం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు రఘుపతి వెంకయ్య నాయుడు గారు మౌంటు రోడ్డులో గెయిటీ హాలు కట్టినారు. ఆయనా ఫోటోల వ్యాపారం పణంగా పెట్టే ఈ పనిలోకి దిగినారు. తరువాత మన పులియకుళంలో పక్షిరాజా స్టూడియో పెట్టిన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు గారు మనవారే. 1954లో తమిళంలో 'మలైక్కళ్ళన్', తెలుగులో 'అగ్గిరాముడు' తీసినారు, మరుసటి ఏడు అదే కథను హిందీలో 'ఆజాద్' చేసినారు. దిలీప్ కుమార్ కోయంబత్తూరుకు వచ్చి నటించి పోయినారంటే మన పిల్లలు నమ్మరు. ఈ ఊళ్ళో కెమెరా పట్టుకోవడం కొత్త సంగతి కాదని చెప్పడానికి ఇవన్నీ.

ఇక డప్పు కొట్టే సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినారు. కొత్త మందు, ఎవరూ కొనరు. ఏం చేసినారు? సంగీత కచేరీల్లో ఊరికే పంచినారు. తల నొప్పి ఉన్నవాడు పూసుకున్నాడు, తగ్గింది, మరునాడు అంగడికి పోయినాడు. మార్కెటింగు అంటే ఇదే కదా. ఆ అమ్మకం డబ్బుతో 1908లో 'ఆంధ్రపత్రిక' మొదలుపెట్టినారు, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేసినారు. తెలుగు జనానికి చాలా కాలం కళ్ళూ చెవులూ అయిన పత్రిక ఆ పసుపు డబ్బీ నుంచి పుట్టింది. మందు అమ్మేవాడి ప్రచారం తక్కువ పని అనేవాళ్ళు ఇంట్లో అల్మారా తెరిచి ఆ డబ్బీ ఉందో లేదో చూసుకోండి.

మనం చిన్నప్పుడు టూరింగు కొట్టాయిలో పడానికి ముందు వేసే న్యూస్ రీలు గుర్తుందా? 1948లో పుట్టిన ఫిల్మ్స్ డివిజను వాళ్ళవి. ప్రతి హాలులో వేసి తీరాలని చట్టం. మేము బీడీ కాల్చేవాళ్ళను బయటికి పంపే టైము అని దాన్ని ఎగతాళి చేసినాం. కానీ మశూచికానికి టీకా, మలేరియా దోమ, కుష్ఠు తాకితే అంటుకుంటుందనే భయం, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, ఇవన్నీ మా అవ్వకు చెప్పింది ఏ డాక్టరూ కాదు, ఆ తెర. అక్షరం రాని మనిషికి తెర చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పలేదు.

డబ్బు వైద్యం నుంచి సినిమాకే పోలేదు, సినిమా నుంచి వైద్యానికీ వచ్చింది. ఎల్.వి. ప్రసాద్ గారు ఏలూరు దగ్గరి పల్లెటూరి మనిషి, ఇంట్లో చెప్పకుండా బొంబాయి పోయినవాడు. హిందీ మొదటి టాకీ 'ఆలం ఆరా'లో, 1931లో వచ్చిన 'కాళిదాస్'లో, 1932లో 'భక్త ప్రహ్లాద'లో, మూడింటిలోనూ చిన్న వేషాలు వేసినారు. ఆ 'కాళిదాస్'ను తమిళ మొదటి టాకీ అంటారు కదా, దాంట్లో టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే ఎదుటివాళ్ళు తెలుగులో బదులు చెప్పినారు. మన ఇళ్ళలో భోజనాల దగ్గర జరిగేది అదే! ఈ మాట చెప్పకుండా ముందుకు పోవడం మా వల్ల కాలేదు. సరే, ప్రసాద్ గారు పెద్ద డైరెక్టరు, స్టూడియో యజమాని అయినారు. 1980లలో హైదరాబాదు బంజారా హిల్స్‌లో కంటి ఆస్పత్రికి ఐదెకరాల భూమి, కోటి రూపాయలు ఆయన ఇంటివాళ్ళు ఇచ్చినారు. ఇప్పుడు అది ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి. సినిమా సొమ్ముతో చూపు వచ్చినవాళ్ళు ఎంతమందో.

ఇన్ని చదివినాక, ఆ అబ్బాయిని చూడకుండా మాట్లాడడం న్యాయం కాదనిపించింది. పోయిన బుధవారం సింగానల్లూరు వైపు వాళ్ళ ఇంటికి పోయినాం. తండ్రి ఎదురు వచ్చి "రండి అన్నా" అన్నాడు గానీ ముఖం ఎత్తలేదు. అబ్బాయి లోపల కంప్యూటరు ముందు ఉండినాడు. లేచి కుర్చీ వేసినాడు.

"డాక్టరు చదువు ఎందుకు వద్దనుకున్నావు నాయనా?" అని నేరుగా అడిగినాం.

"తాతా, నాకు ఎప్పుడూ అది కావాలని లేదు. వద్దని చెప్పడానికి రెండేళ్ళు పట్టింది" అన్నాడు.

"ఆ మాట మొదటి ఏడే చెప్పి ఉంటే ముప్పైవేలు మిగిలేది కదరా!"

నవ్వలేదు. "రెండోసారి వచ్చిన మార్కులకు ప్రైవేటు కాలేజీలో డబ్బు కడితే సీటు దొరుకుతుందని చెప్పినారు. నాయన ఊళ్ళో ఉన్న ఒకటిన్నర ఎకరం బేరం పెట్టేసినాడు. కొనేవాళ్ళు వచ్చి నేల కొలిచినారు. అప్పుడు చెప్పినాను. ఆ రోజు చెప్పకపోతే ఇంక చెప్పలేనని తెలిసింది" అన్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడిన తల్లి ఏమీ అనలేదు. కాఫీ గ్లాసు మా చేతికి ఇచ్చి లోపలికి పోయింది.

కంప్యూటరులో ఒక ముసలమ్మ ముఖం నిలబడి ఉంది, కంటికి పచ్చ గుడ్డ. కంటి పొర తీసే ఒక చిన్న ఆస్పత్రికి ఆ అబ్బాయి వీడియో చేస్తున్నాడు. తమిళంలో చేసి ఇచ్చినాడట. ఉడుమలపేట, పొల్లాచ్చి పల్లెల నుంచి తెలుగు మాట్లాడే ముసలివాళ్ళు చాలామంది వస్తారు, తెలుగులో కూడా చేసి ఇవ్వమని ఆస్పత్రివాళ్ళు అడిగినారట. అబ్బాయికి తెలుగు మాట వస్తుంది, రాత రాదు. మాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసి పెట్టుకున్నాడు. 'శుక్లాలు' అని ఏదో పుస్తకంలో చూసి రాసినాడు. "ఇది ఆంధ్ర మాట. మన అవ్వలకు అర్థం కాదు. కంట్లో పొర అని పెట్టు" అన్నాం. "ఆపరేషను అయినాక తలకు నీళ్ళు పోసుకోవద్దు, పొయ్యి ముందు కూర్చోవద్దు, చుక్కల మందు చేయి కడుక్కొని వేసుకో" అని వరసగా సరిచేసుకుంటూ పోయినాం. కంటిలో కటకం ఎక్కడ ఉంటుంది, పొర ఎట్ల ముదురుతుంది, మాకు బొమ్మ గీసి చూపించినాడు. నీట్‌కు చదివింది ఊరికే పోలేదు. వచ్చేటప్పుడు చూస్తే టైము తొమ్మిది దాటింది. మేము ఆరుకు పోయినాం.

ఇప్పుడు అసలు సంగతి. డబ్బు తిరిగి కట్టాలా వద్దా అని గలాటా జరిగింది కదా. ఇంటికి వచ్చి విద్యానిధి అప్లికేషను ఫారం తీసి చూసినాం. చదువు మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి కట్టాలని ఆ ఫారంలో ఎక్కడా లేదు. "సంఘానికి కృతజ్ఞుడై ఉంటాను" అని మాత్రం ఉంది. ఆ ఫారం రాసినవాళ్ళు ఎవరో కాదు, మేమే. రైల్వే పండగ అడ్వాన్సు ఫారం చూసి రాసినాం, తిరిగి కట్టే పేరా మాత్రం రాయడం మరిచిపోయినాం. కాబట్టి అతని మీద కేకలు వేసేముందు మా మీద వేయండి.

అతను మాత్రం అడగకముందే నెలకు రెండువేలు చొప్పున కడతానని కోశాధికారికి రాసి ఇచ్చినాడు. మొదటి రెండువేలు ఒకటో తేదీ వచ్చింది. ముప్పై నెలలకు తీరుతుంది. లెక్కపుస్తకంలో దీనికి వరస లేదు, చందా కింద రాయాలా, విరాళం కింద రాయాలా అని కోశాధికారి అడిగినారు. ఎర్ర స్కేలుతో కొత్త వరస గీసి "విద్యానిధి, తిరిగి వచ్చినవి" అని మేమే రాసినాం.

ఇంకొకటి. చెన్నై తరమణిలో ప్రభుత్వ ఫిల్ము ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగు చదవడానికి మన సంఘం అమ్మాయి ఒకతె ఈ ఏడు సహాయం అడిగింది. ఫారం నిండా చక్కగా రాసింది. కానీ ఫారం పైన "వైద్యం, ఇంజనీరింగు మాత్రమే" అని అచ్చయి ఉంది. ఆ మాట రాసింది కూడా మేమే. దాన్ని కొట్టివేయడానికి, తిరిగి కట్టే పేరా చేర్చడానికి కలిపి ఒకే తీర్మానం పెడుతున్నాం. వచ్చే ఆదివారం ఉదయం పదిన్నరకు సంఘం మండపంలో. ఒప్పుకోనివాళ్ళు కూడా తప్పక రండి, ఓటు వేయడానికి ముప్పైమంది లేకపోతే మీటింగు చెల్లదు.